పేరు పెట్టి పిలుచుకునే వరస

మా పెళ్ళి క్యాసెట్టుకి బూజు పట్టింది. టెక్కలిలో పాత క్యాసెట్లని సీడీలుగా మార్చే దుకాణం ఒకటుంది. అక్కడిస్తే, మొదటి పది నిమిషాలూ పోయాయి, మిగతాది దక్కిందని చెప్పారు. ఇంటికి తెచ్చి వేశాను. తెర మీద నేను తల వంచుకుని కూర్చున్నాను. సన్నాయి వెనక, మంత్రాల వెనక, కెమేరాకి బాగా దగ్గరగా ఒక గొంతు వినిపించింది.

"కళ్ళెత్తవే గుంటా. నానేటి పెళ్ళికొడుకునా, నన్ను సూసి సిగ్గుపడతన్నావు?"

తెర మీది నేను నవ్వాపుకోలేక కళ్ళెత్తాను. ఇక్కడ చాప మీద కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. మూడేళ్ళ మా పాప "ఎవలమ్మా మాట్లాడతంది? కనపడదేటి?" అంటూ టీవీ వెనక్కి వెళ్ళి చూసొచ్చింది.

కనపడదు. కెమేరా పట్టుకున్న మనిషి ఎవరి పెళ్ళిలోనూ కనపడదు. నా దగ్గర ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఈ వానాకాలంలో ఆమె పోయింది. ఉద్దానంలో ఇంటికొకరిని పట్టుకున్నట్టుండే ఆ కిడ్నీల జబ్బే. ఏడాదిన్నర పాటు రైల్లో విశాఖపట్నం తిరిగింది. కబురొచ్చిన రోజు మా పాపకి నూట రెండు జ్వరం. తడిగుడ్డా, థర్మామీటరూ తప్ప మరేదీ కనపడలేదు నాకు. వెళ్ళలేదు. జ్వరం మూడో రోజుకి తగ్గింది. వెళ్ళలేదన్న మాట తగ్గలేదు. పాప నిద్రపోయాక, మధ్య మధ్య లేచి దాని నుదురు తాకి చూసుకుంటూ, ఇది రాస్తున్నాను.

పలాసలో అందరూ ఆమెని వీడియో అప్ప అనేవారు. మా వైపు అక్కని అప్ప అంటాం. నేనూ అలాగే అంటాను.

ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి ఉండేది. ఏళ్ళ తరబడి ఆ పెద్ద వీడియో కెమేరా మోసిన భుజం. కెమేరా లేనప్పుడు కూడా, కూరగాయల సంచితో వస్తున్నప్పుడు కూడా, ఏదో బరువు పక్కకి లాగుతున్నట్టే నడిచేది. పైట బిగించి నడుముకి దోపుకునేది. చేతికి మగవాళ్ళ గడియారం, ముఖం లోపలి వైపుకి తిప్పి. కెమేరా దించకుండానే టైము చూసుకోవడానికట.

పెళ్ళిళ్ళలో లైటు పట్టుకునే అతను నిద్రమొహం వేస్తే, "లైటు పెళ్ళికూతురి మీద కాదు బావా, కాసేపు నీ బుర్ర మీద ఏసుకో, ఎలుగొత్తాది" అనేది. ఆమె తీసిన పెళ్ళిళ్ళలో కెమేరా పీటల మీద ఎంతసేపు ఉంటుందో పందిరి వెనకా అంతసేపే ఉంటుంది. గాడిపొయ్యి దగ్గర చెమట తుడుచుకునే ఆడవాళ్ళు, ఎవరూ చూడటం లేదనుకుని జడ విప్పి మళ్ళీ అల్లుకునే పెళ్ళికూతురి చెల్లెలు, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని కునికే ఇద్దరు ముసలమ్మలు. పెళ్ళివారు గొడవపడేవారు. "ఇదేటమ్మా, డబ్బులిచ్చి వంటోలని తీయించుకున్నామా?" అంటే, "పెళ్ళి అక్కడే జరుగుతున్నాది మావా. పీటల మీద జరిగేది ఫోటోలే" అనేది.

ఆమె ఇంట్లో క్యాసెట్లు బియ్యం డబ్బాలో ఉండేవి. సముద్రం గాలికి టేపు చెమ్మగిల్లి బూజు పడుతుందని, ఒక్కో క్యాసెట్టునీ పాత వాయిలు చీర ముక్కలో చుట్టి బియ్యంలో పాతేది. అన్నం వండాలంటే ముందు క్యాసెట్లు పైకి తీయాలి. "మా ఇంట్లో సినిమా తియ్యందే అన్నం ఉడకదు" అని చెప్పి, విన్నవాళ్ళ కంటే ముందు తనే నవ్వేది. మా పెళ్ళి క్యాసెట్టు బియ్యంలో పెట్టమని నాకూ చెప్పింది. నేను బీరువాలో పెట్టాను.

ఆ ఇంట్లో ఇంకొకామె ఉండేది. జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టే పని. పెంకులోంచి చిమ్మే జీడినూనెకి ఆమె వేళ్ళు చివరిదాకా నల్లబడి ఉండేవి. మాట చాలా తక్కువ. నేను వెళ్తే టీ గ్లాసు నా ముందు పెట్టి, గోడకి చేరగిలబడి, మేం మాట్లాడుకునేది వింటూ కూర్చునేది. "ఆవిడెవరు?" అని పలాసలో ఎవరినడిగినా ఒకటే జవాబు: "వీడియో అప్ప నేస్తం."

మా జిల్లాలో నేస్తం కట్టుకోవడం ఉంది. ఇద్దరు ఆడపిల్లలకి మనసు కలిస్తే పెద్దల ముందు బట్టలూ గాజులూ మార్చుకుని, తాంబూలం ఇచ్చుకుని నేస్తాలౌతారు. ఆ రోజునుంచి రెండిళ్ళూ ఒకటే. అందుకని ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటూ పన్నెండేళ్ళుగా ఉంటే ఎవరూ ఏమీ అనలేదు. నేస్తాలు, అంది వీధి. అని తలుపు దగ్గరికి వేసింది. నేనూ అదే అనుకున్నాను.

నేను టెక్కలిలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు, కాశీబుగ్గ బస్టాండులో ఆమే నన్ను పట్టుకుంది. మా కాలేజీ వార్షికోత్సవం తీసింది కాబట్టి ముఖం గుర్తుంది.

"నీకు ఇంగ్లీషు వొచ్చునా?"

"వచ్చప్పా."

"సదివితే అర్థమౌతాదా, నేకపోతే మార్కులేనా?"

ఆమె చేతిలో రెండు క్యాసెట్లున్నాయి. అంతకు ముందే హైదరాబాదు వెళ్ళొచ్చింది. చిన్న కెమేరాలతో, సొంత ఖర్చుతో సినిమాలు తీసుకునే ఆడవాళ్ళు కొందరు అక్కడ కలుసుకున్నారు. ఆడదాన్ని ఆడది ప్రేమించే కథలు. ఏ హాలు వాడూ వేయని కథలు. ఎవరిదో మేడ మీద గదిలో దుప్పటి కట్టి వేసుకుని చూశారు, క్యాసెట్లు మార్చుకున్నారు. ఈమె తీసుకెళ్ళింది ఒకటే క్యాసెట్టు. ఆదివారాలు బట్టీ మూసి ఉన్నప్పుడు, పెళ్ళిళ్ళ కెమేరాతోనే తీసిన యాభై నిమిషాల సినిమా. పిక్కలు కొట్టే ఇద్దరమ్మాయిల కథ. ఒకమ్మాయికి పెళ్ళి కుదురుతుంది. బస్సెక్కుతుంది. మధ్యలో దిగి వెనక్కొచ్చేస్తుంది. అంతే కథ. ఒకమ్మాయిగా వేసింది ఆమె ఇంట్లో ఉండే ఆవిడే.

"ఆ మేడ మీద ఎంత మంచి సినిమాలేసినారో" అంది అప్ప. "గానీ తీసినోలే సూసుకుంటన్నారు. ఇంట్లో వొండుకుని, ఇంట్లోనే తినేసి, బాగున్నాదే బాగున్నాదే అనుకుంటే ఏటి లాభం? ఊరికి వడ్డించాల."

తెచ్చిన రెండింటిలో ఒకటి బెంగాలీ, ఒకటి మలయాళం. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. వాటిని నేను చదివి, అర్థం ఆమె చెవిలో చెప్పాలి. ఆమె టీవీ పక్కన నిలబడి, అందులో ఇద్దరు ఆడవాళ్ళకీ రెండు గొంతులు పెట్టి, చూసేవాళ్ళకి మన మాటలో చెబుతుంది. అదీ మా పని. అలా ఎవరైనా చేస్తారని నేను ఎక్కడా వినలేదు, ఆమె కూడా విని ఉండదు.

మొదటిసారి మా వీధిలో ఒకరింట్లో వేసినప్పుడు, బెంగాలీ ఆవిడ కిటికీ పట్టుకుని ఏదో అంది. నేను చదివి, "నీవు లేక నేను జీవించజాలను" అన్నాను.

అప్ప నాకేసి చూసింది. "అలగని ఎవలైనా అంటారేటే?" అంది, అందరూ వినేలాగే. మళ్ళీ టీవీ వైపు తిరిగి, గొంతు మార్చి, "నువ్వు నేకపోతే నాకు కూడు సయించదే" అంది. పప్పు చాటతో వచ్చి కూర్చున్న ఆడవాళ్ళు చెరగడం ఆపేశారు.

ఒకటే చిక్కు. సినిమా వేసే ముందు ఇది దేని గురించో ఒక మాట చెప్పాలి కదా. ఆ మాట కోసం ఆమె చాలా రోజులు వెతికింది. హైదరాబాదులో వాళ్ళు వాడే ఇంగ్లీషు మాట ఆమెకి తెలుసు. "అది నా నోట్లో పుల్లలాగ అడ్డం పడతాది" అనేది. నన్ను తెలుగు మాట తెమ్మంది. కాలేజీ లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి, స్వలింగ సంపర్కం అని కాగితం మీద రాసుకెళ్ళాను. చదివి నాకే తిరిగిచ్చేసింది.

"ఆసుపత్రి చీటీలో రోగం పేరులాగున్నాదే ఇది. ఈ మాటని ఇంటికి పిలిసి అన్నం పెట్టగలమా?"

"స్నేహితురాళ్ళు?"

"అది టీవీలో యాంకరమ్మల మాట."

"పోనీ నేస్తాలు అనెయ్ అప్పా. మన మాటే కదా."

గోడకి చేరగిలబడిన ఆవిడ తలెత్తింది. అప్ప బియ్యం డబ్బా మూత పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి, చెప్పింది.

"ఆ మాట కింద మేం పన్నెండేళ్ళ నుంచి ఉన్నాం. గొడుగులాంటి మాట అది. తడవనీదు. గానీ మొకం ఎవలికీ కనపణ్ణీదు. సినిమాకి కూడా గొడుగు పడితే ఇంకేటి తీసినట్టే?"

అప్పుడు నాకు తెలిసింది. ఎంత ఆలస్యంగా తెలిసిందంటే, సిగ్గేసి టీ చల్లారిందని లోపలికి తీసుకెళ్ళి వేడి చేసుకున్నాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం వంటింట్లోకి వినపడింది.

ఇక పూండి దగ్గర ఊరి సంగతి. నేను దాచుకోకుండా చెప్పాల్సింది ఇదే.

స్టేషన్లో దిగి కొబ్బరితోటల్లోంచి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు. అక్కడి మహిళా సంఘం వాళ్ళు తనని రమ్మన్నారని అప్ప చెప్పినప్పుడు ఊరి పేరు రెండుసార్లు అడిగాను. నాకు సంబంధం మాట్లాడుతున్నది ఆ ఊళ్ళోనే. అబ్బాయి టీచరు. నేనూ ఒప్పుకున్న సంబంధం. ఆయన్ని ఒకసారి చూశాను, మళ్ళీ చూడాలనిపించింది. "ఆ ఊరు మాత్రం ఎల్లకే" అంది మా అమ్మ. రానని చెప్పడానికే అప్ప ఇంటికి వెళ్ళాను. ఆమె అప్పటికే క్యాసెట్లు చీరముక్కల్లో చుట్టి సంచిలో సర్దుతోంది. చెప్పలేక వెంట వెళ్ళాను.

పంట కాలం కాదు కాబట్టి జీడిపిక్కల గోదాము ఖాళీగా ఉంది. మధ్యాహ్నం రెండు గంటలు. కిటికీలకి గోనెసంచులు కట్టి చీకటి చేశారు. టీవీ, క్యాసెట్లు వేసే డెక్కు అద్దెకు తెచ్చారు. యాభై మంది పైగా ఆడవాళ్ళు. రెండో వరసలో మా కాబోయే అత్తగారు. ఆవిడ పక్కన ఆవిడ అత్తగారు, నోట్లో ఆరిన చుట్ట. చివర తలుపు దగ్గర, ఎప్పటిలాగే, అప్పతో ఉండే ఆవిడ. అప్ప సినిమాలో వేసింది ఈవిడేనని తెలిసి ఆడవాళ్ళు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు.

డెక్కు దగ్గర నేను. బెంగాలీది బాగా నడిచింది. తర్వాత అప్ప సినిమా. దానికి చెవిలో చెప్పాల్సిందేమీ లేదు కాబట్టి నాకు పని లేదు. పని లేకపోతే నాకు భయమే పని. డెక్కు మీద తిరుగుతున్న అంకెలు చూస్తూ కూర్చున్నాను. ఏ అంకె దగ్గర ఏ సీను వస్తుందో నాకు కంఠతా వచ్చు. ఒక నాలుగు నిమిషాలున్నాయి అందులో. ఆ అంకె ఇక కొన్ని అంకెల దూరంలో ఉండగా మా కాబోయే అత్తగారు నాకేసి చూసి, చిన్నగా నవ్వింది.

బొత్తాం నొక్కేశాను. తెర నీలంగా అయిపోయింది.

"కరెంటా?" అన్నారెవరో.

"కాదు, టేపు పట్టేసింది" అన్నాను. ముందుకు తిప్పాను. నాలుగు నిమిషాలూ దాటించి మళ్ళీ వేశాను.

సినిమా అయిపోయేసరికి చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు. "నేస్తరికమంటే ఇలగుండాల" అంది మా కాబోయే అత్తగారే. "కట్టుకున్న నేస్తం కోసం కుదిరిన పెళ్ళి వొగ్గేసినాది, ఓలమ్మ!" సంఘం ఆవిడ పళ్ళెంలో పసుపూ కుంకుమా రవికెగుడ్డా పెట్టి తెచ్చింది. అప్పకి బొట్టుపెట్టి పళ్ళెం చేతికిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. సొంత ఊళ్ళలో ఆమె సినిమాకి పడ్డ మొదటి చప్పట్లు.

అప్ప డెక్కు మీది అంకె చూసింది. తర్వాత నన్ను చూసింది.

"టేపు పట్టేసినాదా?"

నేను తలూపాను. ఆమె క్యాసెట్టు బయటికి తీసి, దాని అంచు మూత ఎత్తి, టేపు వేలితో తడిమి చూసింది. ఎక్కడా మడత లేదు. ఉండదని ఇద్దరికీ తెలుసు. అక్కడితో ఊరుకుని ఉంటే, ఆ రవికెగుడ్డ తీసుకుని రైలెక్కి ఉంటే, ఆమెకి ఏ నష్టమూ లేదు. ఉద్దానమంతా ఆ సినిమాని పిలిచి మరీ వేయించుకునేది. పెళ్ళిళ్ళు ఇంకా వచ్చేవి. వాళ్ళిద్దరి ఇంటి తలుపుని వీధి దగ్గరగా వేసే ఉంచేది. ఆమె వెనక్కి తిరిగి తలుపు దగ్గర కూర్చున్న ఆవిడకేసి చూసింది. ఆవిడ పైట సర్దుకుంది. లేవలేదు. అంతే జరిగింది వాళ్ళిద్దరి మధ్యా.

అప్ప పళ్ళెం టీవీ మీద పెట్టింది.

"కూకోండమ్మా. మీరు సూసింది నా సినిమా కాదు. మద్దిలో నాలుగు నిమిసాలు పోనాది. అది కూడా సూసి, అప్పుడు ఈ రవికెగుడ్డ నాకివ్వాలో వొద్దో మీరే సెప్పండి."

తనే వెనక్కి తిప్పి వేసింది.

ఆ నాలుగు నిమిషాల్లో మాటలు లేవు. పని నుంచి వచ్చి, ఇంటి వెనక మెట్ల మీద కూర్చుంటారిద్దరూ. ఒకమ్మాయి అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, రెండో అమ్మాయి నల్లబడ్డ వేళ్ళకి ఒక్కొక్కటిగా రాస్తుంది. పదో వేలు అయ్యాక ఆ చెయ్యి వదలదు. ఎత్తి, ముద్దుపెట్టుకుంటుంది. తర్వాత ఆ ఇద్దరి ముఖాలూ దగ్గరైన తీరు చూసి నేస్తాలని ఎవరూ అనుకోలేరు.

ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒకావిడ కూతురి చెయ్యి పట్టి లాక్కుపోయింది. "సీ, ఏటీ పాడు" అని తలుపు అవతల వినపడింది. మా కాబోయే అత్తగారు కదల్లేదు. తెరని కాదు, డెక్కు పక్కన కూర్చున్న నన్ను చూస్తోంది. ఎక్కడైనా దూరిపోవాలనిపించింది.

అప్పుడు ఆ పక్కనున్న ముసలావిడ నోట్లోంచి చుట్ట తీసింది.

"అదేటే, అందరూ అంతలాగ అదిరిపోతన్నారు? నాకు మొదట్నుంచీ తెలిసిందే."

"ఏటి తెలిసింది మామ్మా?" అంది సంఘం ఆవిడ.

"నేస్తాలు కారని తెలిసింది. నేస్తం కట్టుకుంటే పేరెట్టి పిలుత్తారేటి? నేస్తవా అనే పిలవాల. నా నేస్తం సచ్చిపోయి ఎన్నాళ్ళో అయినాది, ఇప్పటికీ దాని పేరు నా నోటంట రాదు. మొగుడి పేరూ అంతే కదా. ఈ గుంటలిద్దరూ బొమ్మ మొదలుకాణ్ణుంచీ ఒకల్నొకలు పేరెట్టే పిల్సుకుంటన్నారు. ఇన్లేదా మీరు? సెవులు ఎక్కడెట్టుకున్నారు?"

నేను ఆ సినిమాని ఇరవై సార్లు చూసి ఉంటాను. ఆ ఇంటికి రెండేళ్ళు వెళ్ళాను. ఆ ఇద్దరూ వంటింట్లోంచి వీధిగదిలోకి, వీధిగదిలోంచి వంటింట్లోకి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం రోజూ విన్నాను. నాకు తట్టలేదు.

"నేస్తాలు కారు, ఆలూమొగుళ్ళు కారు. మరి ఇదేం వరస మామ్మా?" అనడిగింది ఎవరో పడుచు కోడలు, వెక్కిరింతగానే.

"పేరెట్టి పిల్సుకునే వరస" అంది ముసలావిడ. "మా కాలంలో నేదు. ఉంటే బాగుణ్ణు. ఇదిగో సంఘం, ఆ రవికెగుడ్డ దాని సేతికియ్యి. ఇచ్చినది ఎనక్కి తీసుకుంటారేటి?"

వీడియో తీసేటప్పుడు గంటల తరబడి నిలబడే మనిషి, సినిమా వేసేటప్పుడు నేను ఎన్నడూ కూర్చోగా చూడని మనిషి, టీవీ పక్కన నేల మీద చతికిలబడింది.

పూండి స్టేషనుకి నడుస్తున్నంతసేపూ నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె తిట్టలేదు. పట్టాలు కనపడ్డాక, "భయపడ్డావు, సరే" అంది. "అది కాదు నా బాద. నువ్వు కోసేసినాక మిగిలింది అందరికీ నచ్చేసినాది సూడు. అది సూసి నాకు భయమేసినాది." తనలో తను నవ్వుకుంది. "ఆ పేర్లు కావాలని పెట్టింది కాదే. ఇంట్లో ఎలగ పిల్సుకుంటామో అలగే వచ్చేసినాయి. నాకే తెల్లేదు."

మేం దిగేలోపే కబురు పలాస చేరింది. ఆ ముహూర్తాల్లో కొందరు ఆమెకి చెప్పిన పెళ్ళిళ్ళు మరొకరికిచ్చేశారు. బట్టీలో ఆవిడ పక్కన కూర్చోవడానికి కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. వీధిలో నేస్తాలు అనడం మానేశారు. ఆ మాట బదులు ఏమనాలో తెలీక, కొంతకాలం ఏమీ అనలేదు. ఆమె మాత్రం కెమేరా సంచి భుజాన వేసుకుని, అదే ఒరిగిన నడకతో, అదే వీధిలోంచి వెళ్ళేది. "ఏమే, మీ ఇంట్లో ఎవలికీ పెళ్ళీడు రానేదా?" అని తనే పలకరించేది. ఏడాది తిరక్కుండా సగం మంది మళ్ళీ పిలిచారు. పందిరి వెనక ఆడవాళ్ళని అంత బాగా ఎవరు తీస్తారు?

నా సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాం. మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. పదో రోజున ఆ ఊరి నుంచి మనిషి వచ్చాడు. ముసలావిడ చెప్పిందట: "ఆ డెక్కు దగ్గిర కూకున్న గుంటే కావాల. భయపడ్డాది గానీ పారిపోనేదు." ఇంకో షరతు కూడా పెట్టిందట. పెళ్ళికి వీడియో ఆ వీడియో పిల్లే తియ్యాల. మా అత్తగారు ఆ రోజు గురించి ఇప్పటికీ ఎత్తదు. అప్ప పోయిందని తెలిసినప్పుడు మాత్రం, పాప దగ్గర తను కూర్చుంటాను, నువ్వు వెళ్ళిరా అంది. జ్వరం చూసి నేనే కదల్లేదు.

మరుసటేడు హైదరాబాదు వాళ్ళు ఒక ఫారం పంపారు. ఏ రకం సినిమా అనే గడి ఉంది అందులో. అప్ప నాచేత అందులో తెలుగులోనే రాయించింది, ముసలావిడ అన్నది అన్నట్టుగా. దీనర్థం ఏమిటని అక్కడ అడిగారట. "కూకోండి, సెప్తాను" అని మొదలుపెట్టి గంటసేపు చెప్పిందట. ఆ తర్వాత ఆ మేడ మీది సినిమాలు ఇంకో ఆరు తెచ్చింది. అన్నిటికీ ఆమె గొంతే. తమిళ అమ్మాయీ, మరాఠీ పంతులమ్మా, ఎవరైనా సరే మా ఉద్దానం యాసలోనే అలిగారు, మా యాసలోనే దగ్గరయ్యారు. వేసే ముందు ఒకటే మాట చెప్పేది: "ఇది పేరెట్టి పిల్సుకునే వరస. సూత్తే సూడండి, నేకపోతే ఇనండి."

కానీ ఆమెని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది సముద్రం ఒడ్డున ఉన్న బారువ. పూండి తర్వాత నెలకి.

అక్కడ బడి గదిలో వేశాం. అదీ మధ్యాహ్నమే. తీరం నుంచి చేపలమ్ముకుని ఖాళీ గంపలతో వచ్చిన ఆడవాళ్ళు, గదంతా ఎండుచేపల వాసన. తలుపు దగ్గర, ఎప్పటిలాగే, పిక్కలు కొట్టే ఆవిడ. అప్ప నన్ను డెక్కు దగ్గరికి పిలిచింది.

"నేను కాదప్పా, ఇంకెవర్నైనా కూర్చోబెట్టు" అన్నాను.

"నువ్వే కూకో. భయపడ్డ సెయ్యికే తెలుస్తాది, ఎక్కడ నొక్కకూడదో."

కూర్చున్నాను. అంకెలు తిరిగాయి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళలో వేళ్ళు బిగించుకున్నాను. మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. నూనె అరచేతిలో పడింది. ఒకటో వేలు, రెండో వేలు. గదిలో ఎవరూ కదల్లేదు. చెయ్యి పైకి లేచింది. ముఖాలు దగ్గరయ్యాయి. నాలుగు నిమిషాలూ నడిచాయి, మొదటిసారి, ఎవరూ ఆపకుండా.

ముందు వరసలో, గంప ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ గట్టిగా ఊపిరి వదిలింది. "ఓలప్పా, గిన్నెడు నూనె ఒలకబోసినాది. అంత రాసినా ఆ సేతుల నలుపు ఒగ్గనేదు కదా, నూనె దండగ!"

గదంతా గొల్లుమంది. అప్ప కూడా నవ్వింది. ఆ నవ్వు తగ్గుతుండగా తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వచ్చింది. ఇన్ని ఊళ్ళు తిరిగినా, జనం మధ్య నేను ఒక్కసారీ వినని గొంతు.

"నలుపు పోవాలని రాత్తారేటప్పా?"